శ్రమతో వచ్చే ఛాతీ నొప్పి: గుర్తింపు, పరీక్షలు, చికిత్స

నడిచేటప్పుడో, మెట్లెక్కేటప్పుడో, బరువు ఎత్తేటప్పుడో ఛాతీ మధ్యలో పట్టేసినట్టుగా, ఎవరో బరువు పెట్టినట్టుగా అనిపించి, ఆగి నిలబడితే కొద్ది నిమిషాల్లో తగ్గిపోయే బాధను వైద్యులు యాంజైనా అంటారు. ఆ సమయంలో గుండె కండరానికి కావలసినంత రక్తం అందడం లేదని దాని అర్థం. గుండెపోటుకు, దీనికి తేడా ఉంది. గుండెపోటులో రక్తం పూర్తిగా ఆగి కండరంలో కొంత భాగం చచ్చిపోతుంది. యాంజైనాలో కండరం కాసేపు ఆకలితో అలమటించి, విశ్రాంతి దొరకగానే తేరుకుంటుంది. రెండింటికీ సాధారణంగా మూలం ఒకే జబ్బు కాబట్టి యాంజైనా మొదలైందంటే గుండెపోటును నివారించుకోవడానికి వ్యవధి దొరికిందని అర్థం చేసుకోవాలి.

ఈ బాధను మొదట స్పష్టంగా వర్ణించినవాడు ఇంగ్లండుకు చెందిన విలియం హెబర్డెన్. 1768లో లండన్ వైద్యుల కళాశాలలో ఆయన చదివిన ప్రసంగం 1772లో అచ్చయింది. నడకలో, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, భోజనం చేసిన వెంటనే నడిచేటప్పుడు బాధ పట్టుకోవడం, ఆగిన మరుక్షణం అది మాయమవడం ఆయన గమనించాడు. అప్పటికి స్టెతస్కోపు పుట్టలేదు, ఈసీజీ అనే ఊహే లేదు. రోగులు చెప్పింది ఓపికగా విని ఆయన రాసిన వర్ణన ఇవాళ్టి పాఠ్యపుస్తకంలో పెట్టినా సరిపోతుంది. ఇన్ని యంత్రాలు వచ్చాక కూడా ఈ జబ్బును పట్టుకోవడంలో మొదటి పని, అతి ముఖ్యమైన పని, రోగి మాట వినడమే. తెలుగునాట రద్దీ ఆసుపత్రుల్లో అన్నిటికంటే తక్కువ సమయం దక్కుతున్నదీ ఆ పనికే.

గుండె విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా తనకు అందే రక్తంలోని ప్రాణవాయువులో దాదాపు మూడొంతులు పీల్చుకుంటుంది. మిగతా కండరాలకు ఉన్న వెసులుబాటు దానికి లేదు. శ్రమ పెరిగినప్పుడు అదనంగా కావలసినదంతా రక్త ప్రవాహం పెరగడం వల్లే రావాలి. గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులు ఆరోగ్యంగా ఉంటే వ్యాకోచించి ప్రవాహాన్ని నాలుగైదు రెట్లు పెంచగలవు. లోపలి గోడలో కొవ్వు, సున్నం, మచ్చ కణజాలం పేరుకుని ధమని వ్యాసం 70 శాతం దాకా ఇరుకైతే విశ్రాంతిలో ఏ లోటూ తెలియదు గాని, శ్రమలో సరఫరా చాలదు. ఇరుకు 90 శాతం దాటితే విశ్రాంతిలోనూ కష్టమవుతుంది. పైగా గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది అది సడలిన క్షణాల్లోనే. నాడి వేగం పెరిగేకొద్దీ ఆ క్షణాలు కుదించుకుపోతాయి. అవసరం పెరిగే సమయంలోనే సరఫరాకు వ్యవధి తగ్గుతుందన్నమాట. నాడిని నెమ్మదింపజేసే మందులు యాంజైనాలో ఎందుకు పనిచేస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

అసలైన యాంజైనాకు మూడు గుర్తులు చెబుతారు. బాధ రొమ్ముటెముక వెనుక ఉండాలి. అది దవడకు, మెడకు, భుజానికి, ఎడమ చేతికి, కొందరిలో రెండు చేతులకూ పాకవచ్చు. శ్రమతోనో ఉద్వేగంతోనో రావాలి. విశ్రాంతితో గాని, నాలుక కింద నైట్రేటు మాత్రతో గాని కొద్ది నిమిషాల్లో తగ్గాలి. మూడూ ఉంటే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ, రెండే ఉంటే మధ్యస్థం, ఒక్కటే ఉన్నా, అదీ లేకపోయినా తక్కువ. మనిషి వయసు, ఆడా మగా, పొగతాగడం, మధుమేహం, రక్తపోటు, కుటుంబంలో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన చరిత్ర కలిపి చూస్తే ఈ అంచనా మరింత కుదురుతుంది.

రోగులు దీన్ని ‘నొప్పి’ అని చెప్పకపోవచ్చు. ‘గుండెల మీద బండ పెట్టినట్టుంది’, ‘పట్టేస్తోంది’, ‘మంటగా ఉంది’, ‘ఊపిరాడటం లేదు’, ‘చెయ్యి లాగేస్తోంది’ అంటారు. వేలితో ఒక చోటు చూపించరు; అరచెయ్యో పిడికిలో ఛాతీ మీద పెట్టి చూపిస్తారు. నొప్పి ఉందా అని మాత్రమే అడిగే వైద్యుడికి ‘లేదండీ’ అనే జవాబు వస్తుంది. ఎంత దూరం నడిస్తే వస్తుంది, ఏం చేస్తే పోతుంది, అదే దారిలో ఆర్నెల్ల కిందట ఇబ్బంది లేకుండా నడిచేవారా అన్న ప్రశ్నలకే సరైన జవాబులు దొరుకుతాయి. మధుమేహం ఉన్నవారిలో, వృద్ధుల్లో, స్త్రీలలో ఛాతీ బాధ బదులు ఆయాసమో, విపరీతమైన నిస్సత్తువో, దవడ నొప్పో మాత్రమే కనిపించవచ్చు. ఆడవాళ్లు చెప్పే ఈ బాధను నీరసమనో, దిగులనో కొట్టిపారేయడం తరచూ జరిగే అన్యాయం.

తెలుగు ఇళ్లలో ఈ బాధకు మొదట పడే పేరు ‘గ్యాస్’. భోజనం తర్వాత నడిస్తే రావడం, తేన్పు వచ్చాక తగ్గినట్టనిపించడం, ఛాతీలో మంటగా ఉండటం ఆ నమ్మకాన్ని బలపరుస్తాయి. మందుల షాపులో యాసిడ్ తగ్గించే మాత్రలు కొనుక్కుని నెలలు గడిపేవారున్నారు. జీర్ణకోశపు మంటకూ దీనికీ తేడా చెప్పే ప్రశ్న ఒక్కటే: శ్రమకూ బాధకూ లంకె ఉందా? పులితేన్పుల మంట పడుకున్నా, వంగినా పెరుగుతుంది, తిండిని బట్టి మారుతుంది. నడిస్తే వచ్చి ఆగితే పోయేది, ఆ నడక ఖాళీ కడుపుతో నడిచినా, నిండు కడుపుతో నడిచినా, వేరని తేలేదాకా గుండె బాధగానే చూడాలి. దక్షిణాసియా వాసుల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. 52 దేశాల్లో జరిపి 2004లో ప్రకటించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనపు సమాచారాన్ని విడదీసి చూస్తే, దక్షిణాసియాలో మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోంది. మిగతా దేశాల్లో ఆ సగటు దాదాపు 59. నలభై ఏళ్ల మనిషి నడకలో ఛాతీ పట్టేస్తోందంటే ‘ఈ వయసులో గుండె జబ్బేమిటి’ అనడానికి ఇక్కడ వీల్లేదు.

కండరాల, పక్కటెముకల నొప్పి వేలితో నొక్కితే, మెలితిరిగితే పెరుగుతుంది. ఊపిరితిత్తుల పొర వాపు గాలి పీల్చినప్పుడు పొడుస్తుంది. సర్పిలో దద్దుర్లు రాకముందే ఒక పట్టీలాగా మంట పుడుతుంది. ఆందోళన వల్ల వచ్చే ఛాతీ నొప్పి గంటల తరబడి ఉండవచ్చు, శ్రమతో దానికి పొంతన ఉండదు. వీటితో తికమకకు తావు తక్కువ. మరో రకం సందర్భాల్లో ధమనులు బాగానే ఉన్నా, లేదా కొద్దిగానే ఇరుకైనా, అచ్చమైన యాంజైనా రావచ్చు. బృహద్ధమని కవాటం ఇరుకవడం, గుండె గోడ పుట్టుకతో వచ్చే లోపం వల్ల మందం కావడం, తీవ్రమైన రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం ఇందులోకి వస్తాయి. మన దగ్గర రక్తహీనత ఎంత సామాన్యమో తెలిసిందే. హిమోగ్లోబిన్ ఆరు ఉన్న మనిషికి యాంజియోగ్రామ్ కంటే ముందు రక్తం ఎందుకు తగ్గిందో చూడటం అవసరం. కవాటపు జబ్బును స్టెతస్కోపుతోనే అనుమానించవచ్చు. శ్రమలో ఛాతీ నొప్పితోపాటు కళ్లు తిరిగి పడిపోవడం కూడా ఉంటే ఆ అనుమానం తప్పక రావాలి. అటువంటి వారిని ట్రెడ్‌మిల్ ఎక్కించడం ప్రమాదకరం.

పరీక్షలు రక్తంతో మొదలవుతాయి: హిమోగ్లోబిన్, చక్కెర, కొవ్వులు, కిడ్నీ పనితీరు, అవసరమైతే థైరాయిడ్. ఆ తర్వాత ఈసీజీ. యాంజైనా ఉన్నవారిలో సుమారు సగం మందికి విశ్రాంతిలో తీసిన ఈసీజీ మామూలుగానే ఉంటుంది. ‘ఈసీజీ బాగుంది, నీకేం లేదు’ అన్న మాట వల్ల ఎందరో ఇంటికెళ్లి కూర్చున్నారు. ఈ విషయంలో ఇంతకు మించిన హానికరమైన భరోసా లేదు. ఎకోలో గుండె పంపు చేసే బలం, కవాటాల తీరు, ఏదైనా గోడ సరిగా కదలకపోవడం తెలుస్తాయి. ధమనుల్లో అడ్డంకి మాత్రం ఎకోలో నేరుగా కనిపించదు.

ట్రెడ్‌మిల్ పరీక్షను ఇప్పుడు వాడుతున్న పద్ధతిలో స్థిరపరచినవాడు అమెరికాలోని సియాటిల్‌కు చెందిన రాబర్ట్ బ్రూస్. ప్రతి మూడు నిమిషాలకు వేగం, వాలు పెంచుతూ నడిపిస్తారు, ఈసీజీ, రక్తపోటు చూస్తూ ఉంటారు. 220లోంచి వయసు తీసేస్తే వచ్చే నాడి వేగంలో 85 శాతం చేరడం మామూలు లక్ష్యం. ఎన్ని నిమిషాలు నడవగలిగారు, బాధ ఎప్పుడొచ్చింది, రక్తపోటు పెరగాల్సింది పోయి పడిపోయిందా అన్నవి ఈసీజీ గీతల్లోని మార్పులకు ఏమాత్రం తీసిపోని సమాచారం. అయితే ఈ పరీక్ష తప్పు చెప్పడం అరుదు కాదు. జబ్బున్నవారిలో మూడో వంతు మందికి మామూలుగా రావచ్చు. జబ్బు లేని మధ్యవయసు స్త్రీలలో ‘పాజిటివ్’ అని రావడం మరీ తరచు. అందుకే ఏ లక్షణమూ లేని మనిషికి హెల్త్ చెకప్ ప్యాకేజీలో భాగంగా ట్రెడ్‌మిల్ చేయడం వల్ల మేలు కన్నా గందరగోళమే ఎక్కువ. జబ్బుండే అవకాశం ముందే చాలా తక్కువైతే, పాజిటివ్ వచ్చినా అది తప్పుడు ఫలితం అయ్యే అవకాశమే మెండు. అమెరికా వైద్యులు డైమండ్, ఫారెస్టర్ 1979లో అంకెలతో సహా చూపించింది ఇదే. మొదటి ఈసీజీలోనే ఎడమ వైపు బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఉన్నవారికి, నడవలేనివారికి మందుతో చేసే స్ట్రెస్ ఎకో గాని, ఐసోటోపు స్కాన్ గాని మేలు.

గత పదిహేనేళ్లలో స్థానం బాగా పెరిగిన పరీక్ష సీటీ కరోనరీ యాంజియోగ్రామ్. చేతి సిరలోకి రంగు మందు ఎక్కించి ధమనులను చిత్రిస్తారు. అది శుభ్రంగా వస్తే పెద్ద అడ్డంకి లేదని దాదాపు ధీమాగా చెప్పవచ్చు. స్కాట్లాండ్‌లో 4,146 మందితో జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనంలో, మామూలు పద్ధతికి ఈ స్కాన్ జోడించిన వారిలో ఐదేళ్లలో గుండెపోటు లేదా గుండె జబ్బు మరణం 3.9 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గింది. గమనించాల్సిన సంగతి ఏమిటంటే, ఆ మేలు అదనపు ఆపరేషన్ల వల్ల వచ్చినట్టు కనిపించదు. జబ్బు కంటికి కనిపించాక స్టాటిన్, ఆస్పిరిన్ వంటివి సరైనవారికి అందడమే కారణమని పరిశోధకుల వివరణ. సున్నం బాగా పేరుకున్నవారిలో ఈ స్కాన్ అడ్డంకిని ఉన్నదానికంటే పెద్దదిగా చూపవచ్చు. కిడ్నీ దెబ్బతిన్నవారికి రంగు మందు విషయంలో జాగ్రత్త కావాలి.

మణికట్టు ధమని ద్వారా గొట్టం పంపి తీసే యాంజియోగ్రామ్ చివరి మెట్టు. మందులు వాడినా బాధ లొంగనివారికి, కొద్ది శ్రమకే బాధ వచ్చేవారికి, గుండె బలం తగ్గినవారికి, ట్రెడ్‌మిల్ మొదటి నిమిషాల్లోనే తీవ్ర మార్పులు కనిపించినవారికి అది అవసరం. మధ్యస్థంగా ఉన్న ఇరుకు నిజంగా ప్రవాహాన్ని అడ్డుకుంటోందా అన్నది కంటిచూపుతో తేల్చడం కష్టం. ఇరుకుకు ముందూ వెనకా పీడనం కొలిచే సన్నటి తీగ ఉంది. ఆ రెండు పీడనాల నిష్పత్తి 0.80 దాటి ఉంటే స్టెంటు లేకుండా మందులతో సాగడం సురక్షితమని అధ్యయనాలు నిరూపించాయి.

చికిత్సకు రెండు లక్ష్యాలు: ఆయుష్షు నిలబెట్టడం, బాధ తగ్గించడం. ఇవి వేర్వేరు మందులతో నెరవేరతాయి. ఆ సంగతి రోగులకు ఎవరూ విడమర్చి చెప్పకపోవడం వల్లే చాలామంది బాధ తగ్గించే మాత్ర ఉంచుకుని, ప్రాణం కాపాడే మాత్ర మానేస్తుంటారు.

ఆయుష్షు కోసం ఇచ్చేవాటిలో మొదటిది స్టాటిన్. అటోర్వాస్టాటిన్ 40 నుంచి 80 మిల్లీగ్రాములు, లేదా రోసువాస్టాటిన్ 20 నుంచి 40 ఇచ్చి, చెడు కొవ్వు ఎల్‌డీఎల్‌ను 70కి లోపు, ఐరోపా మార్గదర్శకాల ప్రకారమైతే 55కి లోపు తేవాలి. ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులు ఐదో వంతు తగ్గుతాయి. రిపోర్టు ‘నార్మల్’ వచ్చిందని స్టాటిన్ ఆపేస్తే కొన్ని వారాల్లో కొవ్వు మళ్లీ మొదటికొస్తుంది. ఆ నార్మల్ మాత్ర వల్ల వచ్చిందే. ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు, అది పడనివారికి క్లోపిడోగ్రెల్, రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. రక్తపోటు 130/80 దగ్గర ఉండాలి. మధుమేహం ఉన్నవారికి గుండెను కూడా కాపాడే కొత్త తరగతి మందులు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఏటా ఇన్‌ఫ్లూయెంజా టీకా గుండె రోగులకు మేలు చేస్తుంది.

ఈ మందులన్నిటి సరసన నిలబడేది పొగాకు మానడం. గుండె జబ్బు వచ్చాక పొగ మానేసినవారిలో మరణాలు మూడో వంతుకు పైగా తగ్గుతాయి. సిగరెట్టు, బీడీ, చుట్ట, ఉత్తరాంధ్ర పల్లెల్లో స్త్రీలు తాగే అడ్డపొగ, ఏదీ మినహాయింపు కాదు. తిండి విషయంలో తెలుగు భోజనంలో సవరించాల్సినవి ముఖ్యంగా రెండు. ఆవకాయ, అప్పడం, వడియాల రూపంలో చేరే ఉప్పు ఒకటి. కూర కంటే అన్నమే నాలుగు రెట్లు ఉండే కంచం మరొకటి. జబ్బు అదుపులోకి వచ్చాక రోజుకు అరగంట నడక భయం లేకుండా చేయవచ్చు, చేయాలి. హెబర్డెన్ కూడా తన రోగుల్లో ఒకరు రోజూ అరగంట కట్టెలు కోసే పని పెట్టుకుని దాదాపు నయమయ్యాడని రాశాడు. మొదట కొద్ది దూరం, బాధ వచ్చే మెట్టుకు కాస్త దిగువన ఆపుతూ, వారాల మీద పెంచుకుంటూ పోవాలి.

బాధ తగ్గించే మందుల్లో పాతది నైట్రోగ్లిసరిన్. 1879లో విలియం మరెల్ దాని గుణం ప్రకటించాడు. మన ఇళ్లలో దాని బంధువు ఐసోసార్బైడ్ డైనైట్రేటు ‘సార్బిట్రేట్’ పేరుతో సుపరిచితం. బాధ రాగానే కూర్చుని 5 మిల్లీగ్రాముల మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి. నిలబడి పెట్టుకుంటే రక్తపోటు పడిపోయి తూలిపడవచ్చు. లైంగిక సామర్థ్యానికి వాడే సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, టడలాఫిల్ అయితే 48 గంటల్లో దీన్ని ముట్టకూడదు. ఆ మందులు వాడుతున్న సంగతి మొహమాటపడకుండా వైద్యుడికి చెప్పాలి. రోజూ వేసుకునే దీర్ఘకాల నైట్రేటు రాత్రీ పగలూ వాడితే పని మానేస్తుంది. రోజులో పది పన్నెండు గంటలు విరామం ఉండేలా వేళలు చూసుకోవాలి.

రోజువారీ అదుపుకు, నాడిని నెమ్మదింపజేసే బీటా బ్లాకర్లు మొదటి వరుసలోవి. జేమ్స్ బ్లాక్ 1960ల్లో ప్రొప్రనలాల్ తయారు చేసిందే యాంజైనా కోసం. 1988లో నోబెల్ బహుమతి దక్కడానికి అదీ ఒక కారణం. ఇప్పుడు మెటోప్రొలాల్, బైసోప్రొలాల్ ఎక్కువగా వాడుతున్నారు. విశ్రాంతిలో నాడి 55 నుంచి 60 మధ్యకు రావాలి. వీటిని ఉన్నట్టుండి ఆపేస్తే బాధ తిరగబెట్టి గుండెపోటుకు కూడా దారితీయవచ్చు. ఉబ్బసం ఉన్నవారికి ఆమ్లోడిపిన్, డిల్టియాజెమ్ వంటి కాల్షియం బ్లాకర్లు నయం. బీటా బ్లాకర్‌కు తోడుగా ఆమ్లోడిపిన్ ఇవ్వవచ్చు గాని, దానికి వెరపమిల్‌నో డిల్టియాజెమ్‌నో కలిపితే నాడి ప్రమాదకరంగా పడిపోతుంది. ఇవి చాలకపోతే ఐవాబ్రడిన్, రానొలజిన్, నికొరాండిల్ ఉన్నాయి.

ఇక అందరూ అడిగే ప్రశ్న: స్టెంటు వేయించుకోవాలా? ఆండ్రియాస్ గ్రుయెంట్‌జిగ్ 1977లో జ్యూరిచ్‌లో మొదటిసారి బెలూన్‌తో ధమని తెరిచినప్పటి నుంచి, అడ్డంకి ఉంటే తొలగించాలన్న ఆలోచన సహజంగానే బలపడింది. గుండెపోటు మధ్యలో ఉన్న రోగికి అది ప్రాణం నిలిపే చికిత్స, అందులో సందేహం లేదు. నిలకడగా ఉన్న యాంజైనా లెక్క వేరు. 2007లో వెలువడ్డ కరేజ్ అధ్యయనంలో 2,287 మందిని చూశారు; పూర్తి మందులకు స్టెంటు జోడించినా మరణాలు గాని గుండెపోట్లు గాని తగ్గలేదు. 37 దేశాల్లో 5,179 మందితో సాగి 2020లో వచ్చిన ఇస్కీమియా అధ్యయనం, పరీక్షల్లో తీవ్రమైన లోటు కనిపించినవారిలో కూడా ఇదే చెప్పింది. వారిలో తరచూ బాధ ఉన్నవారికి మాత్రం స్టెంటు లేదా బైపాస్ తర్వాత బతుకు సుఖమైంది. 2023లో బ్రిటన్‌లో ఆర్బిటా-2 పేరుతో 301 మందికి, మందులు ఆపి, కొందరికి నిజమైన స్టెంటు, కొందరికి ఉత్తుత్తి ప్రక్రియ చేశారు. స్టెంటు పడినవారిలో బాధ స్పష్టంగా తగ్గింది, కానీ వారిలోనూ సగానికి పైగా మందికి ఎంతో కొంత మిగిలే ఉంది. కాబట్టి నిలకడ యాంజైనాలో స్టెంటు బాధ తగ్గించే సాధనం. మందులతో హాయిగా నడవగలుగుతున్న మనిషిని ‘90 శాతం బ్లాకు, ఎప్పుడేం జరుగుతుందో’ అని భయపెట్టి అదే రోజు టేబుల్ ఎక్కించడానికి శాస్త్రంలో ఆధారం లేదు.

ఆపరేషన్ వల్ల ఆయుష్షు పెరిగే వర్గాలు కొన్ని ఉన్నాయి: ఎడమ ప్రధాన ధమని సగానికి పైగా ఇరుకైనవారు, మూడు ధమనుల జబ్బుతో గుండె బలం బాగా తగ్గినవారు, మధుమేహంతోపాటు మూడు ధమనుల జబ్బు ఉన్నవారు. ఈ చివరి వర్గంలో స్టెంట్ల కంటే బైపాసే మేలని 1,900 మందితో జరిగి 2012లో వచ్చిన ఫ్రీడమ్ అధ్యయనం తేల్చింది. నిలకడ జబ్బుకు స్టెంటు వేశాక సాధారణంగా ఆర్నెల్లు రెండు రకాల రక్తం పలచన మాత్రలు వేసుకోవాలి. ఖర్చుకో, పంటి వైద్యానికో వాటిని ఆపేస్తే స్టెంటులో గడ్డకట్టి ప్రాణం మీదకు వస్తుంది.

డబ్బు ప్రస్తావన లేకుండా ఈ విషయం పూర్తి కాదు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద కుటుంబాలకు గుండె ఆపరేషన్లను, స్టెంట్లను అందుబాటులోకి తెచ్చింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంటు ధరకు 29,600 రూపాయలు గరిష్ఠంగా నిర్ణయించింది. రెండూ మంచివే. కానీ పథకాలు మొదటి నుంచీ మొగ్గింది ఆపరేషన్ల వైపు. జీవితాంతం వేసుకోవాల్సిన స్టాటిన్, ఆస్పిరిన్, బీటా బ్లాకర్ పల్లెలోని మనిషికి నెలనెలా ఆగకుండా అందాలన్న పట్టుదల అంత బలంగా లేదు. స్టెంటు వేయించుకుని మాత్రలు కొనలేక మానేసినవారికి జరిగేది అరకొర వైద్యమే.

యాంజియోగ్రామ్ శుభ్రంగా వచ్చినా యాంజైనా తగ్గని ఒక గుంపు ఉంది, వారిలో స్త్రీలు ఎక్కువ. పెద్ద ధమనులు బాగున్నా, కంటికి కనిపించని సూక్ష్మ రక్తనాళాలు సరిగా వ్యాకోచించకపోవడం వారి జబ్బు. కొందరిలో ధమని ఉన్నట్టుండి ముడుచుకుంటుంది. అది తెల్లవారుజామున విశ్రాంతిలోనే వస్తుంది. మైరన్ ప్రింజ్‌మెటల్ 1959లో దీన్ని వర్ణించాడు. సూక్ష్మనాళాల జబ్బుకు బీటా బ్లాకర్లు, ముడుచుకునే రకానికి కాల్షియం బ్లాకర్లు పనిచేస్తాయి. ‘బ్లాకుల్లేవు, అంతా మీ మనసులోనే’ అని పంపించేయడం తప్పుడు వైద్యం.

నిలకడ యాంజైనా ఎంతకాలమైనా నిలకడగా ఉండవచ్చు. ఏ రోజైనా మారవచ్చు. బాధ కొత్తగా మొదలై కొద్ది శ్రమకే వస్తున్నా, ముందు కంటే తక్కువ నడకకు, ఎక్కువసార్లు వస్తున్నా, విశ్రాంతిలో వచ్చినా అది నిలకడ దశ దాటినట్టే, అదే రోజు ఆసుపత్రిలో చూపించుకోవాలి. ఆగి కూర్చుని, నాలుక కింద మాత్ర పెట్టుకున్న ఐదు నిమిషాలకు కూడా తగ్గకపోతే, చెమటలు పడుతుంటే, వాంతి, ఆయాసం తోడైతే గుండెపోటుగానే భావించాలి. 108కి ఫోన్ చేయాలి. ఆస్పిరిన్ పడనివారు కాకపోతే 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలి మింగాలి. బైకు మీదో, సొంతంగా కారు నడుపుకుంటూనో బయల్దేరకూడదు. ఈసీజీ తీసి, గడ్డ కరిగించే మందు ఇవ్వగలిగిన లేదా వెంటనే యాంజియోప్లాస్టీ చేయగలిగిన ఆసుపత్రి తమకు దగ్గరలో ఏదో యాంజైనా ఉన్న ప్రతి మనిషీ, ఆ ఇంట్లోవారూ ముందే కనుక్కుని ఉంచుకోవాలి.